300 గ్రాముల మైదా అంటే ఎన్ని కప్పులు? కాటా లేనప్పుడు కొలిచే పద్ధతి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: కేక్ రెసిపీలో 300 గ్రాముల మైదా అని ఉంది. ఇంట్లో కాటా లేదు, 240 మి.లీ. అని రాసి ఉన్న మెజరింగ్ కప్పుల సెట్ ఉంది. కప్పుకు 120 గ్రాములని ఎక్కడో చదివి రెండున్నర కప్పులు వేశారు. కేక్ పైన పగిలింది, లోపల పొడిపొడిగా వచ్చింది. తర్వాత వెతికితే ఒకచోట 125, ఒకచోట 142, ఇంకోచోట 150 అని కనిపించింది. వీటిలో ఏది నమ్మాలి, గోధుమపిండికీ ఇదే లెక్కా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. 240 మి.లీ. కప్పులో మైదాను గుల్లచేసి, చెంచాతో నింపి, అంచుకు సమానంగా గీస్తే 125 గ్రాములు పడుతుంది. ఆ లెక్కన 300 గ్రాములంటే రెండు కప్పులు, మూడోవంతు కప్పు ఒకటి, దాని పైన ఒక టేబుల్ స్పూన్. మీ కప్పు 250 మి.లీ.దైతే 130 గ్రాములు పడుతుంది కాబట్టి రెండు కప్పులు, ఒక మూడోవంతు కప్పుతో సరిపోతుంది, పైన స్పూన్ అక్కర్లేదు.

ఇక్కడ మీకో అనుమానం రావాలి. 125 సరైతే మీ రెండున్నర కప్పులు 312 గ్రాములే. పన్నెండు గ్రాములు ఎక్కువైనంత మాత్రాన కేక్ అలా పాడవదు. కాబట్టి తప్పు ఆ 120 అనే అంకెలో లేదు. మీరు కప్పును నేరుగా డబ్బాలో ముంచి తీసి ఉంటారు. అలా తీస్తే అదే కప్పులో 140 నుంచి 150 గ్రాముల దాకా పడుతుంది. 145 వేసుకున్నా రెండున్నర కప్పులకు 362 గ్రాములు. అంటే రెసిపీ అడిగిన దానికన్నా ఐదో వంతు ఎక్కువ పిండి. పాలు, గుడ్లు, వెన్న మాత్రం 300 గ్రాములకు సరిపడానే ఉన్నాయి. అందుకే కేక్ ఎండిపోయింది.

మీరు చూసిన అంకెలన్నీ నిజమే, ఒక్కొక్కటి ఒక్కో చేతివాటానికి నిజం. అమెరికాలో కింగ్ ఆర్థర్ బేకింగ్ కంపెనీ పట్టికలో కప్పు మైదా 120 గ్రాములు. వాళ్లు పిండిని గుల్లచేసి, చెంచాతో చల్లినట్టు నింపి గీస్తారు. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పట్టికలో 125. అమెరికాస్ టెస్ట్ కిచెన్ అనే వంటల సంస్థ వాళ్లు 5 ఔన్సులు, అంటే 142 గ్రాములు అంటారు, ఎందుకంటే వాళ్ల రెసిపీలన్నీ కప్పును పిండిలో ముంచి, తీసి, గీసే పద్ధతితో రాసినవి. 150 అనేవాళ్లు ముంచడంతో ఆగకుండా కప్పును ఓసారి గట్టు మీద తట్టినవాళ్లు. జల్లెడ పట్టిన పిండిని నేరుగా కప్పులోకి రాల్చుకుంటే 110, 115 మధ్య ఆగుతుంది. ఒకే కప్పు, ఒకే మైదా. తేడా 40 గ్రాముల దాకా ఉంది.

పిండికి ఈ గుణం ఎందుకంటే, రేణువులు సన్నగా, గరుకుగా ఉండి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, మధ్యలో గాలి ఇరుక్కుంటుంది. కప్పులో సగానికి పైగా గాలే. ఏకిన దూదికీ తొక్కిన దూదికీ ఉన్నంత తేడా గుల్ల పిండికీ అణిగిన పిండికీ ఉంటుంది. ప్యాకెట్ లారీలో కుదుపులు తిని, గోడౌన్‌లో బస్తాల కింద అణిగి మీ ఇంటికి వస్తుంది. డబ్బాలో పోసినా అడుగు పిండి పై పిండి బరువుకు మళ్లీ అణుగుతుంది. కప్పు ముంచినప్పుడు మీ చేతి ఒత్తిడి దానికి తోడు. నీళ్లకూ నూనెకూ ఈ గొడవ లేదు. పంచదారకూ రవ్వకూ కూడా దాదాపు లేదు, గట్టి పలుకులు కాబట్టి పెద్దగా అణగవు. కప్పు లెక్క తప్పించేది ముఖ్యంగా పిండ్లూ, కోకో, పొడిచేసిన పంచదారా.

కొలిచే పద్ధతి ఇది. డబ్బాలోని పిండిని ఫోర్కుతోనో విస్క్‌తోనో అడుగు నుంచి పైకి పది పన్నెండు సార్లు తిరగేయండి. పైపైన కలిపితే అడుగున అణిగింది అలాగే ఉంటుంది. కప్పును ఒక పళ్లెంలో బల్లపరుపుగా పెట్టండి, చేత్తో పట్టుకోవద్దు. మామూలు చెంచాతో పిండి తీసి, కప్పు అంచుకు కాస్త పైనుంచి వదలండి. కప్పు పైన గోపురంలా వచ్చేదాకా పోసి, చాకు వీపుతోనో స్కేలుతోనో అంచు వెంట ఒక్కసారి గీయండి. పళ్లెంలో పడింది డబ్బాలోకి పోతుంది. ఇంతే పని. ఇందులో పాడుచేసేవి రెండు: పిండి సర్దుకోవాలని కప్పును తట్టడం, గీసే ముందు చెంచా వీపుతో అదమడం. ఒక్కసారి తట్టినా పది గ్రాములు లోపలికి పోతాయి.

రెసిపీలో జల్లెడ పట్టమని ఉంటే ఎప్పుడు పట్టమన్నారో చూడండి. కొలిచాక జల్లెడ పట్టడం వేరు, జల్లెడ పట్టిన పిండిని కొలవడం వేరు. రెండోదాంట్లో కప్పుకు పది, పదిహేను గ్రాములు తగ్గుతుంది. తూకంతో ఇచ్చిన రెసిపీలో జల్లెడ ముందైనా తర్వాతైనా తేడా లేదు.

అన్నిటికన్నా నమ్మకమైన దారి: మీ కప్పుకు, మీ చేతికి ఎంత పడుతుందో మీరే తేల్చుకోండి. దీనికి కాటా అక్కర్లేదు, విప్పని మైదా ప్యాకెట్ ఒకటి చాలు. అర కిలో ప్యాకెట్ మొత్తం వెడల్పు గిన్నెలో పోయండి. పైన చెప్పినట్టు తిరగేసి, చెంచాతో నింపి, గీసి, ఒక్కో కప్పూ ఇంకో గిన్నెలోకి పోస్తూ లెక్కపెట్టండి. చివర్లో కప్పు నిండకపోతే మిగిలింది టేబుల్ స్పూన్లతో కొలవండి. 240 మి.లీ. కప్పుకు పదహారు టేబుల్ స్పూన్లు. ఇప్పుడు 500ను ఆ సంఖ్యతో భాగించండి. సరిగ్గా నాలుగు కప్పులు వస్తే మీ చేతికి కప్పు 125. నాలుగు కప్పుల మీద రెండు స్పూన్లు మిగిలితే, అంటే 4.125 కప్పులైతే, 121. మూడున్నరకే అయిపోతే 143, మీరు అదుముతున్నారన్నమాట. ఆ అంకెను కప్పు అడుగున మార్కర్‌తో రాసి పెట్టుకోండి. ఇంటర్నెట్ పట్టికలు ఇక మీకు అవసరం లేదు.

కిలో ప్యాకెట్‌తో చేస్తే ఇంకా మంచిది. ప్యాకెట్ మీద రాసిన బరువుకు కొద్దిపాటి హెచ్చుతగ్గులను చట్టం అనుమతిస్తుంది. తూనికలు, కొలతల శాఖ ప్యాకేజీ నిబంధనల ప్రకారం అర కిలోకైనా కిలోకైనా ఆ తేడా 15 గ్రాములే. కాబట్టి కిలో మీద లెక్క వేస్తే తప్పు శాతం సగమవుతుంది. కిరాణా కొట్లో విడిగా తూచి ఇచ్చిన పిండి అయినా సరే, కాటా డిజిటల్‌ది అయితే చాలు.

అంకెల బాధ వద్దనుకుంటే ఇదే ప్యాకెట్‌తో ఇంకో ఉపాయం ఉంది. 300 గ్రాములంటే అర కిలోలో ఐదు భాగాలకు మూడు భాగాలు. ప్యాకెట్ మొత్తం ఒకే చిన్న కప్పుతో, ఒకే తీరుగా ఐదు గిన్నెల్లోకి వంతులవారీగా పోస్తూ వెళ్లండి. అయ్యాక మూడు గిన్నెలు కేక్‌లోకి, రెండు డబ్బాలోకి. మీరు ముంచి తీసినా, చెంచాతో నింపినా పర్వాలేదు, అన్ని గిన్నెలకూ ఒకేలా చేస్తే తప్పు అన్నిటికీ సమానంగా పంచబడి లెక్క కుదురుతుంది. 250 గ్రాములు కావలసినప్పుడైతే ఇంకా తేలిక, ప్యాకెట్‌ను రెండు గిన్నెల్లోకే పంచి ఒకటి వాడితే చాలు.

ఇక కప్పు సంగతి. సెట్ మీద 240 అని ఉన్నంత మాత్రాన 240 పడుతుందని నమ్మకం లేదు. మన బజార్లో దొరికేవాటిలో 240వీ ఉన్నాయి, 250వీ ఉన్నాయి, ఏమీ రాయనివీ ఉన్నాయి. పరీక్షించడానికి అర లీటరు పాల ప్యాకెట్ చాలు. 250 కప్పు అయితే రెండుసార్లకు సరిగ్గా ఖాళీ అవుతుంది. 240దైతే రెండు నిండు కప్పుల తర్వాత నాలుగు టీ స్పూన్లంత పాలు మిగులుతాయి. కప్పు అంచు దాకా, ఇంకో చుక్క పడితే పొర్లేట్టు నింపాలి సుమా, అర అంగుళం కిందకు ఆపితే లెక్క రాదు. స్పూన్లను మందు సీసా మూతతో సరిచూడండి. టీ స్పూన్ 5 మి.లీ., టేబుల్ స్పూన్ 15. అన్నం తినే స్టీలు చెంచా ఈ రెండింట్లో ఏదీ కాదు.

కప్పుల సెట్ కూడా లేనివాళ్లు స్టీలు గ్లాసునే వాడుకోవచ్చు, దానిలో ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో తెలిస్తే చాలు. చెంచాతో నింపి గీసిన మైదాకు లెక్క: మిల్లీలీటర్లను 0.52తో హెచ్చవేస్తే గ్రాములు. గ్రాములను 1.92తో హెచ్చవేస్తే మిల్లీలీటర్లు. 200 మి.లీ. గ్లాసులో 104 గ్రాములు. 300 గ్రాములు కావాలంటే 576 మి.లీ. నిండే పాత్ర.

విదేశాల్లో ఉన్నవాళ్లు చదువుతుంటే ఒక హెచ్చరిక. రైస్ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పు 180 మి.లీ. దాన్ని కప్పుగా అనుకుని కేక్ చేస్తే కప్పుకు 94 గ్రాముల మైదానే పడుతుంది. జపాన్ వంటకాల్లో కప్పంటే 200, ఆస్ట్రేలియాలో 250. అమెరికన్ కప్పు నిక్కచ్చిగా 236.6, పోషకాహార లేబుళ్ల కోసం 240గా తీసుకుంటారు. ఈ చివరి రెంటి తేడా మీ కేక్‌కు తెలియదు, పట్టించుకోకండి. ఆస్ట్రేలియా టేబుల్ స్పూన్ మాత్రం 20 మి.లీ., అది గుర్తుంచుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది, ఇది చాలామంది చేస్తారు. రెసిపీలో 300 గ్రాములంటే కొలజాడీలో 300 గీత దాకా పిండి పోయడం. ఆ గీత మిల్లీలీటర్లది. మిల్లీలీటరు ఒక గ్రాము అన్నది నీళ్లకే. 300 మి.లీ. గీత దాకా మైదా పోస్తే పడేది 156 గ్రాములు, కావలసిన దాంట్లో సగం. ఆ కేక్ ఓవెన్‌లో పొంగినట్టే పొంగి నడుమ కూలిపోతుంది, జిగురుగా ఉంటుంది. కొన్ని ప్లాస్టిక్ జాడీల మీద మైదాకు, పంచదారకు, బియ్యానికి వేరువేరు గీతలుంటాయి. జాడీలో పిండిని గీయడం కుదరదు, సమానం కావాలని అందరూ ఊపుతారు, ఊపగానే అణుగుతుంది. ఆ గీతలు పంచదారకైతే పర్వాలేదు, పిండికి వాడకండి.

తరచుగా తగిలే తూకాలకు కప్పులు ఇవి, అన్నీ 240 మి.లీ. కప్పు, 125 లెక్క, టేబుల్ స్పూన్ గీసి కొలిచింది, 8 గ్రాములకు కాస్త తక్కువ:

100 గ్రాములు: ముప్పావు కప్పు, ఒక టేబుల్ స్పూన్
150 గ్రాములు: ఒక కప్పు, మూడు టేబుల్ స్పూన్లు
200 గ్రాములు: ఒకటిన్నర కప్పు, ఒకటిన్నర టేబుల్ స్పూన్
250 గ్రాములు: రెండు కప్పులు
300 గ్రాములు: రెండు కప్పులు, మూడోవంతు కప్పు, ఒక టేబుల్ స్పూన్
400 గ్రాములు: మూడు కప్పులు, మూడు టేబుల్ స్పూన్లు
500 గ్రాములు: నాలుగు కప్పులు

ఒక గ్రామో రెండు గ్రాములో అటూ ఇటూ ఉంటాయి, కేక్‌కు అది లెక్కలోది కాదు. రెండు కప్పులు కొలవడానికి పావు కప్పును ఎనిమిదిసార్లు వాడకండి. ప్రతిసారీ గీతలో ఒక చిన్న తప్పు వస్తుంది, ఎనిమిది కలిస్తే పెద్దదవుతుంది. పైగా ఐదోదో ఆరోదో అని మధ్యలో లెక్క మరిచిపోతారు.

తిరగలెక్క, అంటే రెసిపీలో కప్పులుండి మీరు గ్రాముల్లోకి మార్చుకోవాల్సి వస్తే, ముందు ఆ రెసిపీ రాసినవాళ్ల చేతివాటం తెలియాలి. అదే పేజీలో గ్రాములు ఇచ్చి ఉంటే కప్పుల్ని మరిచిపోయి గ్రాములే తీసుకోండి. లేకపోతే ఆ పుస్తకం ముందుమాటలోనో, సైట్‌లో కొలతల పేజీలోనో చెప్పి ఉంటారు. అమెరికన్ రెసిపీ, ఎక్కడా ఏమీ చెప్పలేదు అంటే 125 వేసుకోండి. మన యూట్యూబ్ ఛానళ్లైతే వీడియో చూడటమే మార్గం. కప్పును డబ్బాలో ముంచి, వేలితో గీసేస్తుంటే 140, 145 మధ్య వేయండి. చెంచాతో నింపుతుంటే 125. ఏదీ తేలకపోతే 125తో మొదలుపెట్టి, కప్పుకు రెండు స్పూన్ల పిండి పక్కన ఉంచుకుని, బ్యాటర్ (కలిపిన కేక్ పిండి) చూసి కలుపుకోండి. తక్కువ పిండితో మొదలుపెడితే కలపొచ్చు, ఎక్కువైతే తీయలేరు.

ఈ తేడా ఎక్కడ దెబ్బకొడుతుందో కూడా చెప్పాలి, అన్నిచోట్లా ఒకేలా ఉండదు. బజ్జీల పిండికీ, పాన్‌కేక్‌లకూ, చిక్కదనం కోసం వేసే పిండికీ కప్పు ఎలా కొలిచినా పర్వాలేదు, నీళ్లతో సరిచేసుకోవచ్చు. కుకీల్లో 15 శాతం పిండి ఎక్కువైతే అవి ఓవెన్‌లో పరుచుకోవు, పెట్టిన ఉండలు ఉండల్లాగే కాలి గట్టిపడతాయి. తక్కువైతే ట్రే అంతా ఒకటే అప్పచ్చి అవుతుంది. స్పాంజ్ కేక్ వీటికన్నా సున్నితం.

బ్రెడ్‌లో లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 500 గ్రాముల మైదాకు 325 గ్రాముల నీళ్లు అనుకోండి, పిండి బరువులో 65 శాతం. ఇది చేతికి కాస్త అంటుకుంటూనే లొంగే ముద్ద. నాలుగు కప్పులు ముంచి తీస్తే పిండి 580 గ్రాములవుతుంది, నీళ్లు 56 శాతానికి పడిపోతాయి. ముద్ద పూరీ పిండిలా బిగుసుకుంటుంది, బ్రెడ్ పొంగదు. అదే జల్లెడ పట్టి నాలుగు కప్పులు కొలిస్తే 452 గ్రాములే, నీళ్లు 72 శాతం. పలకలా పరుచుకుపోయే ముద్ద, చేతులకు అంటి వదలదు. రెండు సందర్భాల్లోనూ రెసిపీని తూచా తప్పకుండా పాటించామనే అనుకుంటారు. ముద్ద అంటుకుంటోందని వెంటనే పొడిపిండి చల్లకండి. ఐదారు నిమిషాలు పిసికాక, పావుగంట మూతపెట్టి వదిలాక చూడండి. మైదా నీళ్లు తాగడానికి ఆ మాత్రం సమయం కావాలి.

గోధుమపిండి సంగతి. ప్యాకెట్ గోధుమపిండి చెంచాతో నింపి గీస్తే 240 మి.లీ. కప్పుకు దాదాపు 120 గ్రాములు, మైదాకు దగ్గరే. మరలో ఆడించినదైతే సన్నగా ఆడించారా, తవుడు తీశారా అన్నదాన్ని బట్టి మారుతుంది, కాబట్టి దానికి విడిగా కప్పు లెక్క కట్టుకోండి. మైదా బదులు గోధుమపిండి వేసేటప్పుడు బరువుకు బరువు మార్చండి, తడి మాత్రం పెంచండి. మన గోధుమపిండి రాతి మధ్య నలిగి వస్తుంది, పిండిపదార్థం రేణువులు బాగా చితుకుతాయి. చితికిన రేణువు, తవుడు రెండూ ఎక్కువ నీళ్లు పీలుస్తాయి. 100 గ్రాములకు ఒకటి నుంచి రెండు టేబుల్ స్పూన్ల పాలు అదనంగా పోయండి. బ్యాటర్‌ను పది నిమిషాలు ఆగనిచ్చి, మరీ చిక్కబడితే ఇంకో స్పూన్. అంతకన్నా ఎక్కువసేపు ఆపితే బేకింగ్ పౌడర్ బలం కొంత గిన్నెలోనే అయిపోతుంది.

మిగతా పదార్థాలు, అదే 240 కప్పుకు: బొంబాయి రవ్వ 165 గ్రాములు, ఇది ఎలా పోసినా దాదాపు అంతే. కార్న్‌ఫ్లోర్ 120 నుంచి 128. కోకో 85, ఉండలుంటే ముందు చిదిమి కొలవాలి. బాదం పొడి 96, 100 మధ్య. జల్లెడ పట్టిన శనగపిండి 92, పట్టనిది దీనికన్నా బాగా ఎక్కువ, ఉండలు కడుతుంది కాబట్టి ఎప్పుడూ జల్లెడ పట్టే కొలవండి. పొడి బియ్యప్పిండి 140 నుంచి 158 దాకా, మెత్తదనాన్ని బట్టి. అరిసెలకు కొట్టే తడి బియ్యప్పిండికి ఈ అంకెలేవీ వర్తించవు, అందులో సగం సంగతి తడిదే. పంచదార 200, పొడిచేసినది 115, 120 మధ్య. వెన్న 227, నూనె 218, పాలు, పెరుగు 245. గ్రాముల్లో ఉన్న మైదాను కప్పుల్లోకి మార్చి, పంచదారకూ అదే కప్పు లెక్క వాడేవాళ్లున్నారు. 300 గ్రాముల పంచదార ఒకటిన్నర కప్పే, 300 గ్రాముల మైదా దాదాపు రెండున్నర. ఈ రెంటినీ కలిపేస్తే కేక్ పాకంలా కారుతుంది.

తేమ గురించి తరచూ అడుగుతారు. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తా ఊళ్లలో, పిండి గాలిలో తేమ పీల్చి కొద్దిగా బరువెక్కుతుంది. చేతివాటం తేడా ముందు అది చాలా చిన్నది. ఉండలు కట్టడమే అసలు ఇబ్బంది, జల్లెడతో పోతుంది. ఫ్రిజ్‌లో దాచిన పిండిని డబ్బా మూత తీయకుండా బయట పెట్టి, చల్లదనం పోయాక విప్పండి, లేకపోతే చెమ్మ పడుతుంది.

మీ పగిలిన కేక్ దగ్గరకు మళ్లీ వద్దాం. పగులు కనిపించగానే పిండిదే తప్పని తేల్చకండి. చిన్న ఓటీజీలో (కరెంటు ఓవెన్‌లో) పై రాడ్ కేక్‌కు దగ్గరగా ఉన్నా పగులుతుంది. తేడా ఇలా తెలుస్తుంది: పిండి ఎక్కువైతే గిన్నెలోనే బ్యాటర్ బిగువుగా ఉంటుంది, గరిటె ఎత్తితే ముద్దగా పడుతుంది, టిన్ మూలలకు తనంతట పోదు, మీరే సర్దాలి. వేడి ఎక్కువైతే బ్యాటర్ బాగానే జారుతుంది, కానీ పైన ముందే రంగు తిరిగి గట్టి పెంకు కడుతుంది, లోపల ఇంకా పచ్చిగా ఉండి ఆ పెంకును చీల్చుకుని పైకి వస్తుంది. మీరు లోపల పొడిపొడిగా ఉందన్నారు కాబట్టి నా అంచనా పిండే. వెన్న, పంచదార గిలకొట్టి చేసే కేక్ బ్యాటర్ గరిటెను వంచితే రెండు మూడు క్షణాల్లో బరువుగా జారిపడాలి. అస్సలు జారకపోతే ఒక్కో స్పూన్ పాలు పోసి గరిటెతో మడుస్తూ కలపండి. బీటర్ మళ్లీ పెట్టొద్దు, మైదాలో జిగట లేచి కేక్ రబ్బరులా సాగుతుంది.

బేకింగ్ పౌడర్, సోడా, ఈస్ట్, ఉప్పుకు మైదా లెక్క వాడకూడదు. గీసిన టీ స్పూన్‌కు బేకింగ్ పౌడర్ 4 గ్రాముల పైచిలుకు, వంట సోడా దాదాపు 5, సన్న ఉప్పు 6, ఇన్‌స్టంట్ ఈస్ట్ 3. రెసిపీలో 7 గ్రాముల ఈస్ట్ అంటే రెండుంపావు టీ స్పూన్లు. ఇవి గ్రాముల్లో ఇచ్చినా నేను స్పూనుతోనే కొలవమంటాను. రేపు మీరు కాటా కొన్నా అదే మాట. ఇంట్లో వాడే 5 కిలోల కాటాకు కనిష్ఠ గీత 1 గ్రాము, రెండు మూడు గ్రాములు మెల్లగా చల్లితే కొన్ని కాటాలు కదలనే కదలవు. పిండికీ పంచదారకూ అది సరిపోతుంది. కొనేటప్పుడు గిన్నె పెట్టాక సున్నా చేసే టేర్ బటన్ ఉందో లేదో, గిన్నె పెడితే అంకెలు కనబడకుండా కప్పేస్తుందేమో చూసుకోండి. ఇంటికి తెచ్చాక టేర్ చేసిన గిన్నెలో, పాల ప్యాకెట్‌తో సరిచూసిన కప్పుతో నీళ్లు పోయండి. 250 కప్పుకు 250 చూపించాలి, రెండు మూడు గ్రాముల తేడా వస్తే ఫర్వాలేదు, పది వస్తే వెనక్కిచ్చేయండి.